ఆక్టాడెకేన్‌థయాల్ 98 శాతం: బంగారం మీద ఒక్క అణువు మందం పొరకు సరిపోతుందా?

సరిపోతుంది. ఆక్టాడెకేన్‌థయాల్ అంటే ఒక చివర గంధకం ఉన్న పొడవైన కార్బన్ గొలుసు అణువు; ఆ గంధకం బంగారాన్ని పట్టుకుంటుంది. 98 శాతం కన్నా శుద్ధమైన సీసాకు పెట్టే డబ్బు మంచి బంగారు పూతకు పెట్టండి. పొర నాణ్యత ఎక్కువగా తేలేది అక్కడే.

28.7 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల శుద్ధ ఇథనాల్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు) ద్రావణం వస్తుంది. బంగారు పలకను యూవీ-ఓజోన్‌లో (అతినీలలోహిత కాంతి, ఓజోన్‌లతో మురికిని తొలగించే పరికరం) 10 నిమిషాలు ఉంచి, వెంటనే ఇథనాల్‌లో నానబెట్టి కడగాలి. ఈ కడుగుడు మానేస్తే బంగారు ఆక్సైడ్ మిగిలిపోతుంది. తర్వాత గాజు సీసాలో, మూత బిగించి, రాత్రంతా ముంచాలి. నిమిషాల్లోనే ఉపరితలం నిండుతుంది గానీ గొలుసులు సర్దుకుని బారుగా, నిలువు నుంచి సుమారు 30 డిగ్రీల వాలుతో నిలబడడానికి గంటలు పడుతుంది. తొందరపడితే పొరలో ఖాళీలు మిగులుతాయి. బయటికి తీశాక ఇథనాల్‌తో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టాలి.

నీటిచుక్క కోణం (పలక మీద వేసిన నీటిచుక్క అంచు పలకతో చేసే కోణం) 110 డిగ్రీల దగ్గరుంటే పొర బాగా కుదిరినట్టే. 100 దాటకపోతే ముందు పలక శుభ్రతను అనుమానించండి, తర్వాత ప్లాస్టిక్ డబ్బాను: అందులోంచి కరిగొచ్చే మెత్తబరిచే రసాయనాలు బంగారాన్ని పట్టుకుంటాయి.

ఈ సరుకుకు ఉన్న పెద్ద ఇబ్బంది నిల్వ. 30 డిగ్రీలు దాటగానే కరగడం మొదలవుతుంది కాబట్టి హైదరాబాద్ ఎండాకాలంలో ఫ్రిజ్ తప్పదు. గాలి తగిలితే మెల్లగా డైసల్ఫైడ్‌గా (రెండు అణువులు గంధకాల దగ్గర జతకట్టిన రూపం) మారుతుంది, అది ఇథనాల్‌లో సరిగా కరగదు. ద్రావణం మసకబారితే పారబోసి కొత్తది కలపండి. పొర తయారైన పలకలను కూడా వెలుతురులో వారాల తరబడి వదిలేయకండి, గంధకం ఆక్సీకరణం చెంది పట్టు సడలుతుంది.