ఐదు టన్నుల ట్రాలీ, 45 హెచ్‌పీ ట్రాక్టర్: లాగుతుంది సరే, ఆగుతుందా?

చిత్తూరు, తిరుపతి వెల్డింగ్ షాపుల్లో కట్టే రెండు చక్రాల టిప్పింగ్ ట్రాలీ గురించి ఇది. తొట్టి లోపల పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఒకే యాక్సిల్, తొట్టిని పైకెత్తడానికి కింద జాకీ. అమ్మేవాళ్లు దీన్ని "ఐదు టన్నులు" అంటారు. 45 హెచ్‌పీ ట్రాక్టరున్న మామిడి రైతు కొనొచ్చా? కొనొచ్చు. కాకపోతే నాలుగు టన్నులదే అనుకుని కొనాలి.

ముందు ఒక పొరపాటు తీసేద్దాం. ట్రాక్టర్ కాగితంలో "లిఫ్టింగ్ 1600 కిలోలు" అని ఉంటే దాన్ని చూసి ట్రాలీ ఎంచుకునేవాళ్లున్నారు. అది వెనక హైడ్రాలిక్ చేతులు పైకెత్తే బరువు. నాగలికీ రోటవేటర్‌కీ పనికొచ్చే లెక్క, ట్రాలీకి దాంతో సంబంధం లేదు. హెచ్‌పీ కూడా సగం మాటే. సమతలం మీద తక్కువ గేర్లో ఆరేడు టన్నులు లాగడం ఈ ఇంజన్‌కు కష్టం కాదు, అందుకే అందరూ మోసపోతారు.

అసలు లెక్క టైర్ల దగ్గర మొదలవుతుంది. ఖాళీ ట్రాలీ టన్నున్నర అనుకోండి. ఐదు టన్నుల లోడుతో ఆరున్నర. అందులో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 800 కిలోలు, ట్రాలీ ముందుండే లాగుడు కడ్డీ (డ్రాబార్) మీదుగా ట్రాక్టర్ కొండీ మీద పడుతుంది. మిగతా 5,700 రెండు టైర్ల మీద, ఒక్కోదానికి 2,850. టైరు పక్కన లోడ్ ఇండెక్స్ నంబరు అచ్చయి ఉంటుంది. 140 అంటే 2,500 కిలోలు, 145 అంటే 2,900. 140 టైర్లు వేసి ఐదు టన్నులని అమ్మితే ఆ మాట టైరే ఒప్పుకోదు. నాలుగు టన్నులకైతే టైరుకు 2,400 పడుతుంది, సరిపోతుంది. అరిగిన లారీ టైర్లు వేసిన ట్రాలీ చవగ్గా వచ్చినా వద్దు.

తొట్టి సైజు కూడా మోసం చేస్తుంది. పై కొలతలకు 120 ఘనపుటడుగులు వస్తాయి. పొడి ఇసుక అంచుకు సమంగా నింపితేనే 5.4 టన్నులు, తడిదైతే ఇంకా ఎక్కువ. మామిడికి క్రేట్లు లెక్కపెట్టాలి. 20 కేజీల క్రేట్లు 200 వేస్తే కాయే నాలుగు టన్నులు, ఖాళీ క్రేట్ల బరువు మరో 300 కిలోలు. కాబట్టి 185 దగ్గర ఆపండి. 2025లోలా పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరితే, మళ్లీ క్యూలో నిలబడలేక ఒక్క ట్రిప్పులోనే తోలేద్దామనిపించడం సహజం. ఆ అదనపు టన్ను దిగుడులో అడ్డం తిరుగుతుంది.

ఎందుకంటే ఈ ట్రాలీలకు సాధారణంగా సొంత బ్రేకులుండవు. మొత్తం బరువును ఆపాల్సింది ట్రాక్టర్ వెనక చక్రాలే. రెండు టన్నుల ట్రాక్టర్, ఆరున్నర టన్నుల ట్రాలీ కలిపి ఎనిమిదున్నర. పదడుగులకు అడుగు దిగే రోడ్డులో 850 కిలోల బరువు వెనకనుంచి తోస్తుంది. ట్రాక్టర్ సొంత బరువులో వెనక పడే భాగం, కొండీ మీది 800 కలిపితే వెనక చక్రాల మీద ఉండేది సుమారు 2,100 కిలోలు. వాన పడిన తారు మీద అందులో నలభై శాతమే పట్టు అనుకుంటే 840. లెక్క అక్కడే తేలిపోయింది. నాలుగు టన్నులతోనూ బొటాబొటీయే. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ దిగాల్సిన పని ఉంటే యాక్సిల్‌కు బ్రేకులు పెట్టించకుండా ఈ ట్రాలీ తీసుకోవద్దు. రోడ్డెక్కే ముందు కుడి, ఎడమ బ్రేకు పెడళ్ల మధ్య లాక్ వేయండి. పొలంలో తీసిన లాక్ మరిచిపోయి ఒక్క పెడల్ తొక్కితే ఒక చక్రమే పట్టుకుంటుంది, ట్రాలీ ట్రాక్టర్‌ను పక్కకు తోసేస్తుంది. దిగుడు మొదలుకాకముందే తక్కువ గేరు వేయాలి, మధ్యలో క్లచ్ తొక్కకూడదు.

కొండీ మీద బరువు అసలు ఎంత పడుతోందో కాటా దగ్గరే చూడొచ్చు. ముందు ట్రాక్టర్ ఒక్కదాన్ని తూయండి. తర్వాత లోడ్ ట్రాలీ తగిలించి, ట్రాక్టర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపి మళ్లీ తూయండి. తేడాయే ఆ బరువు. మరీ ఎక్కువైతే ఎక్కుడులో ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ గాలికి తిరుగుతుంది, మరీ తక్కువైతే వెనక చక్రాలు గిర్రున తిరుగుతాయి. క్రేట్లను ముందుకో వెనక్కో జరిపితే సర్దుకుంటుంది. ట్రాలీని మాత్రం ట్రాక్టర్ వెనక కింది డ్రాబార్‌కే తగిలించాలి. పైన టాప్ లింక్ (నాగలిని పైనుంచి పట్టే కడ్డీ) చోట తగిలిస్తే ట్రాక్టర్ ముందు భాగం లేచి వెనక్కి బోల్తా పడే ప్రమాదం ఉంది.

కట్టుబడిలో చూడాల్సినవి: ట్రాలీ డ్రాబార్ చాసిస్‌కు అతికే చోట వెల్డింగ్ (పగుళ్లు మొదట వచ్చేది అక్కడే), కమాను కట్టలు, కొండీ పిన్నుకు లాక్, దానికి తోడు సేఫ్టీ చైన్. మొదటి లోడు తర్వాత వీల్ నట్లు మళ్లీ బిగించండి. హబ్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే బేరింగ్ మరీ బిగువుగా ఉందనో, గ్రీజు లేదనో అర్థం. తొట్టి సగంలో ఆగిపోతే జాకీని తిట్టకండి. చాలా ట్రాక్టర్లలో జాకీలోకి పోయేది ట్రాన్స్‌మిషన్ నూనే, ముందు దాని మట్టం చూడండి. ఒకే ట్రాలీని ఇద్దరి ట్రాక్టర్లకు మార్చి మార్చి తగిలిస్తే ఒకరి నూనెలోని మురికి ఇంకొకరి పంపులోకి చేరుతుంది.

కాగితాల సంగతి: ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ పాలసీలో కూడా విడిగా రాయించాలి. షాపువాడు "అదంతా తర్వాత చూద్దాంలే" అంటే డబ్బు మొత్తం అప్పుడే ఇవ్వకండి.