యంత్రం ముందు నిలబడి చేసిన సీఈ పని: ఒక కన్సల్టెన్సీ సేవపై సమీక్ష

మా ప్యాకింగ్ యంత్రానికి సీఈ గుర్తు (ఐరోపా యూనియన్ భద్రతా నిబంధనలకు సరిపోతుందని తెలిపే గుర్తు) వేసి యూరప్‌కు పంపే పనిలో మేము తీసుకున్న కన్సల్టెన్సీ సేవ గురించి, ఇదే ప్రయత్నంలో ఉన్న తయారీదారులకు పనికివస్తుందని రాస్తున్నాను.

అంతకుముందు మరొక సంస్థ చేతిలో నష్టపోయాము. వారు కార్ఖానా గడప తొక్కకుండా, ఫోటోలూ డ్రాయింగులూ చూసి ఒక సర్టిఫికెట్ పంపారు. కొనుగోలుదారు తరఫు సేఫ్టీ ఇంజనీరు దాన్ని పక్కన పెట్టి, రిస్క్ అసెస్‌మెంట్ (ప్రమాదాల అంచనా) ఎక్కడని అడిగారు. యంత్రాల భద్రతపై ఐరోపా యూనియన్ నిబంధన అయిన 2006/42/ఈసీ డైరెక్టివ్ కింద మా యంత్రం లాంటి చాలా యంత్రాలకు నోటిఫైడ్ బాడీ (అధికారిక గుర్తింపు ఉన్న బయటి తనిఖీ సంస్థ) పరీక్ష అవసరం లేదని, తయారీదారే ప్రమాదాలను అంచనా వేసి, టెక్నికల్ ఫైలు (యంత్రం భద్రతకు ఆధారమైన పత్రాలు) సిద్ధం చేసి, తన సంతకంతో డిక్లరేషన్ ఆఫ్ కన్ఫర్మిటీ (నిబంధనలకు సరిపోతుందన్న ప్రకటన) ఇవ్వాలని, డబ్బు పోసి కొన్న ఆ సర్టిఫికెట్ వీటిలో దేనికీ బదులు కాదని అప్పుడు గానీ మాకు తెలియలేదు.

ఈసారి వచ్చిన ఇంజనీరు మొదటి రెండు రోజులు ఒక్క కాగితమూ అడగలేదు. యంత్రాన్ని నడపడం, శుభ్రం చేయడం, ఇరుక్కున్న ఫిల్మును లాగడం వంటి ప్రతి పనినీ మా ఆపరేటర్ చేత చేయించి చూస్తూ, యంత్రాల ప్రమాదాల అంచనాకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12100 పద్ధతిలో ప్రమాదాలు రాసుకున్నారు. గార్డు (రక్షణ తలుపు) తెరవగానే కోత బ్లేడు మోటారుకు కరెంటు ఆగిపోతుంది కదా అని మేము ధీమాగా ఉన్నాము. ఆయన కొలిచి చూస్తే, బ్లేడు పూర్తిగా నిలవడానికి 3 సెకన్లు పట్టింది. చెయ్యి సెకనుకు 1600 మిల్లీమీటర్ల వేగంతో వస్తుందన్న ఐఎస్ఓ 13855 (రక్షణ దూరాల ప్రమాణం) లెక్కన గార్డు బ్లేడుకు కనీసం 4.8 మీటర్ల దూరంలో ఉండాలి, మా గార్డు మాత్రం జానెడు దూరంలోనే ఉంది. బ్లేడు నిలిచేదాకా తలుపు తెరుచుకోనివ్వని లాకు పెట్టించారు. గార్డు తెరిచి ఉందో లేదో పసిగట్టే పాత అయస్కాంత స్విచ్చును చిన్న అయస్కాంతం ముక్కతో ఎలా ఏమార్చవచ్చో చేసి చూపించి, దాని స్థానంలో తన జత ముక్కకే స్పందించే కోడెడ్ స్విచ్చు వేయించారు. ఏళ్ల తరబడి మేమే తయారు చేస్తున్న యంత్రంలో ఇది మా కంట పడకపోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది.

ఆ డైరెక్టివ్ స్థానంలో 2027 జనవరి 20 నుంచి వర్తించే 2023/1230 రెగ్యులేషన్ గురించి కూడా విడిగా ఒక నోట్ ఇచ్చారు. అందులో మాన్యువల్‌ను డిజిటల్ రూపంలో ఇచ్చే వీలు మాకు సౌకర్యమే. కంట్రోల్ వ్యవస్థను బయటివారు మార్చకుండా కాపాడాలన్న షరతు మాత్రం, దూరం నుంచి సర్వీసు చేసే మా పద్ధతిని పూర్తిగా తిరగరాయించేలా ఉంది.

లోపం లేకపోలేదు. యంత్రం చేరే దేశపు భాషలో మాన్యువల్ అనువాదం ఉండాలని, టెక్నికల్ ఫైలు సమకూర్చే అధికారం ఉన్న వ్యక్తి ఐరోపా యూనియన్‌లోనే ఉండాలని ఈ కన్సల్టెన్సీ వారికి మొదటినుంచీ తెలుసు. కొటేషన్‌లో మాత్రం రెండూ లేవు, రవాణాకు వారం ముందు చెప్పారు. ఆ తొందరలో చేయించిన అనువాదాన్ని రెండుసార్లు దిద్దించాల్సి వచ్చింది. తరువాతి యంత్రానికీ వీరినే పిలుస్తాము, కానీ ఆ రెండు అంశాలనూ ఒప్పందంలో ముందే రాయించుకుంటాము.