ఊడ్పుల అలసట, చెరువు గట్టు అలసట

మా భీమవరం వైపు రెండు రకాల అలసటలు చూస్తుంటాం. రోజంతా వంగి ఊడ్పులు ఊడ్చిన వాళ్లకు నడుం పట్టేస్తుంది. వేడినీళ్ల స్నానం, కడుపునిండా అన్నం, మంచి నిద్ర పడితే చాలావరకు తేరుకుంటారు.

రొయ్యల చెరువు మీద ఉండే మా బాబాయిది వేరు. బరువులేమీ మోయడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందేమో, కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయేమో అని ఒకటే టెన్షన్. ప్రమాదం ఎదురైనట్టే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెడ, భుజాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు గంటల తరబడి సడలకపోతే మూట మోసినట్టే నొప్పులు. పడుకున్నా చెవి మోటారు చప్పుడు మీదే ఉంటుంది, గాఢనిద్ర పట్టదు. పొద్దున్నే దవడలు లాగుతున్నాయంటూ టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోతాడు.

అలాంటి మనిషిని ‘ఏం పని చేశావని?’ అనడం అన్యాయం. ఆయనకు ముందు కావాల్సింది రాత్రి కాపలాకు ఇంకో మనిషి.