1930 సైబర్ హెల్ప్‌లైన్ రివ్యూ: డబ్బు ఆపడంలో సూపర్, తిరిగి ఇప్పించడంలో లేటు

మా బాబాయికి వాట్సాప్‌లో బ్యాంకు పేరుతో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) వచ్చింది, కేవైసీ అనుకుని నొక్కేశాడు, కాసేపటికే డబ్బులు కట్ అయినట్టు వరసపెట్టి మెసేజ్‌లు. బ్రాంచికి ఫోన్ చేస్తే రేపొచ్చి లెటర్ రాసివ్వమన్నారు, ఇక లాభం లేదని 1930కి కొట్టాం. తెలుగులోనే మాట్లాడారు, కథంతా వినే పని పెట్టుకోకుండా ముందు యూటీఆర్ నంబర్ (డబ్బు కట్ అయిన లావాదేవీ నంబర్) చదవండి, ఎంత పోయింది, ఎన్నింటికి పోయింది అని అడిగారు. ఫోన్ పెట్టేలోపే అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ మెసేజ్ వచ్చేసింది. ఆ నంబర్‌తో 24 గంటల్లోపు సైబర్‌క్రైమ్ పోర్టల్లో పూర్తి వివరాలు నింపాలి, ఇది చాలామంది వదిలేస్తారు, వదలొద్దు.

ఫోన్ ఎత్తేది మన రాష్ట్ర పోలీసులే గానీ వెనకాల అందర్నీ కలిపేది కేంద్ర హోంశాఖ కింద ఉండే ఐఫోర్‌సీ అనే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం, 2020 జనవరిలో ఢిల్లీలో మొదలైంది. 2021లో ఈ హెల్ప్‌లైన్ పెట్టారు, అప్పట్లో నంబర్ 155260, ఇప్పుడు 1930. మన కంప్లైంట్ డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తుంది, అక్కడింకా ఉంటే హోల్డ్ పెడతారు, దాటిపోయుంటే తర్వాతి బ్యాంకుకి పంపిస్తారు, అలా వెంటపడుతూనే ఉంటారు. అందుకే ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. బాబాయి డబ్బు సగానికి పైగా అలాగే ఆగింది.

నాకు బాగా నచ్చింది ఇదే. డబ్బు పోయేది మనకి, అకౌంట్ ఒక రాష్ట్రంలో, సిమ్ ఇంకో రాష్ట్రంలో, ఫోన్ చేసినోడు మరెక్కడో, ఒక్క స్టేషన్ ఎస్సై ఏం చేయగలడు చెప్పండి? అందుకే సైబర్ మోసాలకి పేరుపడ్డ జామ్‌తారా, మేవాత్ లాంటి చోట్లతో పాటు మన హైదరాబాద్, విశాఖల్లో కూడా రాష్ట్రాల పోలీసులు కలిసి పనిచేసే జాయింట్ టీములు పెట్టారు. ప్రతిబింబ్ అనే టూల్‌లో నేరగాళ్ల నంబర్లు ఎక్కడ నడుస్తున్నాయో మ్యాపు మీద కనిపిస్తాయి.

ఇక స్టార్ తగ్గించింది ఎందుకంటే హోల్డ్ పడిన డబ్బు చేతికి రావడానికి చాలాసార్లు కోర్టు ఆర్డర్ కావాలి, అదే పెద్ద తలనొప్పి. తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకి రీఫండ్‌లు ఇప్పించారు, అన్నిచోట్లా అలా చేస్తే ఎంత బావుంటుందో. ఇంకోటి, దొంగసొమ్ములోంచి ఎవడో టీ తాగి స్కాన్ చేస్తే ఏ పాపం తెలియని టీకొట్టు అకౌంట్ కూడా ఆగిపోయే కేసులున్నాయి, ఇది మారి తీరాలి.

5కి 4 ఇస్తున్నా. లైన్ బిజీ వస్తే కూర్చోకండి, నేరుగా పోర్టల్లో పెట్టేయండి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో ఈ నంబర్ ఇవాళే సేవ్ చేసిపెట్టండి.