వీపు తిప్పే వాచీ: రివర్సోతో పదిహేనేళ్లు

"డాక్టరు గారూ, మీ వాచీకి ముళ్లు లేవేమిటండీ?" వారానికి ఒకరైనా అడిగే ప్రశ్న ఇది. నేను పళ్ల డాక్టరును. చికిత్స మొదలుపెట్టేటప్పుడు వాచీ ఎలాగూ సొరుగులోకి పోతుంది. అంతకుముందు రోగి తన బాధ చెబుతున్నంతసేపూ అది నా మణికట్టు మీదే, బోర్లా తిరిగి ఉంటుంది. డాక్టరు టైము చూశాడంటే చాలు, రోగి చెప్పేది సగంలో ఆపేస్తాడు. నాకేమో చూపు మాటిమాటికీ చేతి మీదకు పోయే అలవాటు. 2010లో జెనీవాలో ఈ వాచీ కొన్నప్పుడు ఇలా వాడుకుంటానని అనుకోలేదు.

జేజర్-లెకూల్ట్ర్ అనే స్విస్ వాచీల కంపెనీ వారి రివర్సో ఇది. పేరు నోటికి పట్టడానికి నాకే ఆరు నెలలు పట్టింది. నాది గ్రాండ్ టాయ్ అనే రకం. పేరుకు పెద్ద సైజే గానీ పొడవు 42 మిల్లీమీటర్లు, వెడల్పు 26, అంతే. స్టీలు కేసు, వెండిరంగు డయలు, నీలం ముళ్లు, ఆరు దగ్గర సెకన్లకు ఒక చిన్న చతురస్రం. తేదీ లేదు. చీకట్లో వెలగదు. రాత్రి మెలకువ వస్తే ఫోనే దిక్కు.

తిప్పే పద్ధతి చెబుతాను. బొటనవేలితో కేసును ఎడమ నుంచి కుడికి నెట్టాలి. అగ్గిపెట్టెలోంచి పుల్లల అర జారినట్టు అది తన చట్రంలో జారుతుంది. కొస దాకా వచ్చాక కింద పలకకున్న సన్నటి గీతల చెక్కడం కనిపిస్తుంది. అక్కడ కేసును తిరగేసి, మళ్లీ లోపలికి నెడితే 'టక్' మని కూర్చుంటుంది. పదిహేనేళ్లలో ఎన్ని వేలసార్లు తిప్పి ఉంటానో, ఆ టక్కులో బిగువు తగ్గలేదు. గాడిలో దుమ్ము చేరినప్పుడు మాత్రం జారేటప్పుడు కొంచెం గరగరలాడుతుంది. మెత్తటి టూత్ బ్రష్ పొడిగా రెండుసార్లు ఆడిస్తే చాలు. మా ఇంట్లో వాటికి కొరత లేదు.

అసలు ఈ తిరగేసే ఆలోచన పుట్టింది మన దేశంలోనే. 1930 ప్రాంతంలో ఇక్కడున్న బ్రిటిష్ సైనికాధికారులు పోలో ఆడుతుంటే వాచీల అద్దాలు పగిలిపోయేవి. ఆట దెబ్బలకు తట్టుకునే వాచీ కావాలని వారు సీజర్ డి ట్రే అనే స్విస్ వాచీల వ్యాపారిని అడిగారట. ఆయన అంతకుముందు కట్టుడు పళ్ల వ్యాపారంలో డబ్బు గడించిన మనిషి! ఈ సంగతి తెలిసిన రోజు నా వాచీ మీద నాకు గౌరవం రెట్టింపైంది. డి ట్రే ఆ పనిని వాచీ కార్ఖానా నడిపే జాక్-డేవిడ్ లెకూల్ట్ర్ ముందుంచాడు. చట్రంలో జారి పూర్తిగా తిరగబడే కేసుకు రెనె-అల్ఫ్రెడ్ షోవో అనే ఇంజనీరు 1931 మార్చి 4న పారిస్‌లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. పోలోను బ్రిటిష్ వాళ్లు నేర్చుకున్నది మణిపురీల దగ్గర. ఆట మనది, పగిలిన అద్దం వాళ్లది, లాభం స్విట్జర్లాండ్‌ది.

ఈ బ్రాండు ప్రకటనల్లో 'వారసత్వం' అన్న మాట ప్రతి పేజీలోనూ ఉంటుంది. నన్ను కట్టిపడేసినవి మాత్రం అందులో తక్కువగా చెప్పుకొనే సంగతులు. ఆంత్వాన్ లెకూల్ట్ర్ 1833లో స్విట్జర్లాండ్‌లోని జూ లోయలో ఉన్న ల సాంటియే గ్రామంలో కార్ఖానా పెట్టాడు. 1844లో మిల్లీమీటరులో వెయ్యో వంతును కొలిచే పరికరం తయారుచేశాడు. అంత చరిత్ర ఉన్నా, తొలి రివర్సోలకు సరిపడే, లోపల ముళ్లు తిప్పే యంత్రం వాళ్ల దగ్గర లేకపోయింది. తవాన్ అనే మరో వాచీ కంపెనీది తెచ్చి బిగించారు. సొంత యంత్రం 1933లో గానీ రాలేదు. దీనికి తిరగేసిన కథ ఇంకొకటుంది. 1967లో వీళ్లు చేసిన పల్చటి ఆటోమేటిక్ (చేతి కదలికతోనే కీ తిరిగే) యంత్రం, పేరు 920, పోటీ కంపెనీల పేరుమోసిన వాచీలైన ఒడమార్ పిగే రాయల్ ఓక్‌లోకీ పాటెక్ ఫిలిప్ నాటిలస్‌లోకీ వెళ్లింది. తమ పేరున్న వాచీలో వీళ్లు దాన్ని ఎన్నడూ వాడుకోలేదు. పెళ్లివారందరికీ వండిపెట్టి వంటింట్లోనే ఉండిపోయిన వంటమనిషి గుర్తొస్తాడు నాకు.

రివర్సో ఒకసారి దాదాపు చచ్చి బతికింది కూడా. యుద్ధం తర్వాత గుండ్రటి వాచీల మోజు పెరిగింది, ఆపైన బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ వచ్చిపడింది. 1972లో జోర్జో కోర్వో అనే ఇటాలియన్ వ్యాపారి కార్ఖానాకు వెళితే, యంత్రాలు లేని 200 రివర్సో కేసులు మూలన పడి కనిపించాయి. మొత్తం కొనేసి, ఇటలీ తీసుకెళ్లి, వాటిలో యంత్రాలు పెట్టించి అమ్మితే నెలలోపే అయిపోయాయి. 1985లో కొత్తగా రూపొందించిన కేసు వచ్చింది, అందులో యాభైకి పైగా భాగాలు. నా చేతిమీద ఉన్నది ఆ సంతతే.

ఇక వాడకం. రోజూ పొద్దున కాఫీకి ముందు కీ ఇస్తాను. ఒకసారి పూర్తిగా ఇస్తే రెండు రోజులకు కాస్త తక్కువగా నడుస్తుంది. రోజుకు నాలుగైదు సెకన్లు ముందుకు పోతుంది, నాకు ఇబ్బంది లేదు. నీటికి 30 మీటర్లని రాసి ఉంటుంది గానీ దాని అర్థం మునగమని కాదు, చేతులు కడుక్కోమని. విజయవాడ ఎండలకు తోలు బెల్టు ఏడాదికి మించి ఉండదు. చెమటకు లోపలి వైపు నల్లబడి బీటలు వారుతుంది. కంపెనీ బెల్టుల ధర చూశాక చెన్నైలో కొలతిచ్చి కుట్టించుకుంటున్నాను. ఒకసారి ఒక కొట్టులో బెల్టు మార్పించితే స్క్రూడ్రైవర్ జారి చట్రం అంచున గీత పడింది. కొట్టతను చూసుకోలేదు, నేనూ ఇంటికొచ్చాకే చూశాను. అప్పటినుంచి నేనే మార్చుకుంటున్నాను. సర్వీసు రెండుసార్లు అయింది. ఒక్కోసారి అయిన ఖర్చుతో మంచి మామూలు వాచీ ఒకటి కొనుక్కోవచ్చు. ఈ లెక్క మనసులో వేసుకోనివారు దీని జోలికి రాకపోవడమే మంచిది.

ఇదే బ్రాండులో మిగతావి? మాస్టర్ వరుస వాచీలు గుండ్రంగా, పెద్దమనుషుల్లా ఉంటాయి. వాటికి వంక పెట్టలేను, వాటిమీద మనసూ పడలేదు. 1968 నాటి అలారం వాచీ పేరు మీద నడుస్తున్న పొలారిస్ ఈదేవాళ్లకు. 1929 నాటి 101 యంత్రం మాత్రం వేరు. సుమారు ఒక గ్రాము బరువు, పొడవు పద్నాలుగు మిల్లీమీటర్లే. రెండో ఎలిజబెత్ 1953 పట్టాభిషేకంలో కట్టుకున్నది అదున్న వాచీనే. అట్మోస్ గడియారం నా తీరని కోరిక. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే చాలు, రెండు రోజులు నడుస్తుంది. ధర అడిగాను, నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు నీలమణి గాజు ఎంత గట్టిదంటే, అద్దాన్ని కాపాడటానికి తిప్పాల్సిన పనే లేదు. తిప్పాక కనిపించే ఖాళీ స్టీలు పలకే ఇందులో అసలు ఆకర్షణ. అమెరికా సైన్యాధికారి జనరల్ మెకార్థర్ తన రివర్సో వీపు మీద పొడి అక్షరాలు వేయించుకున్నాడు. అమెరికా విమానచోదకురాలు అమేలియా ఇయర్‌హార్ట్ 1935లో మెక్సికో నగరం నుంచి చేసిన ఒంటరి విమానయానపు దారిని చెక్కిన రివర్సో ఒకటుంది. మా నాన్నగారు వేంకటేశ్వరస్వామి నామం చెక్కించమన్నారు. మా ఆవిడ "పిల్లల పేర్లు" అంది. పిల్లలు వద్దన్నారు. ఏటా చెక్కిద్దామనుకుంటూనే పదిహేనేళ్లు గడిచాయి. అద్దంలా మెరిసే ఆ పలక ఇప్పుడు ఏళ్ల తరబడి తోమిన స్టీలు గ్లాసులా సన్నటి గీతలతో నిండింది. క్రితం నెల ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని దాన్నే తదేకంగా చూసి, "నాయనా, ఇది ఆగిపోయిందా?" అని అడిగింది. తిప్పి చూపించాను. నాలుగు ముప్పావు. "అమ్మో, బస్సు పోతుంది" అంటూ లేచి, పన్ను సంగతి వచ్చే వారం చూద్దామంది.