ఇస్తాంబుల్‌లో మొదటి రోజు: సగం పూట వాకింగ్ టూర్, మూడున్నర స్టార్లు

పొద్దున్నే ఫ్లైట్ దిగి, నిద్ర కళ్ళతోనే అమ్మా నేనూ సుల్తానహ్మెత్‌లో ఈ టూర్‌కి చేరుకున్నాం. గైడ్‌కి మాత్రం ఫుల్ మార్కులు. అయా సోఫియా చర్చిగా 537లో పూర్తయింది, 1453లో మసీదయింది అని గడగడా అప్పజెప్పి వదిలేయలేదు. పై గ్యాలరీలో పాలరాతి పిట్టగోడ దగ్గర ఆపి, వంగి చూడమన్నాడు. అరిగిపోయిన గీతలు. ఎప్పుడో ఒక వైకింగ్, అంటే ఉత్తర ఐరోపా సముద్ర యోధుడు, చెక్కుకున్న తన పేరట! "గుడి గోడల మీద పేర్లు రాసేది మనవాళ్ళే అనుకున్నా" అంది అమ్మ. అక్కడికి ఎక్కేది రాళ్ళు పరిచిన ఏటవాలు దారి. మోకాళ్ళ నొప్పులుంటే మెల్లగా నడవండి.

తర్వాత నేల కింద బసిలికా సిస్టర్న్, అంటే పాతకాలపు పెద్ద నీళ్ళ తొట్టి. 336 స్తంభాలు, మసక వెలుతురు, ఒక స్తంభం కింద తలకిందులుగా మెడూసా (గ్రీకు పురాణాల్లో పాముల జుట్టున్న రాక్షసి) తల. ఎండలోంచి దిగేసరికి ప్రాణం లేచొచ్చింది. బ్లూ మసీదు నమాజు వేళ కావడంతో బయటి నుంచే ఆరు మినార్లు లెక్కపెట్టుకున్నాం.

ఒళ్ళు మండింది చివర్లో. నలభై నిమిషాలు తివాచీల కొట్లో కూర్చోబెట్టారు. పైగా ఎంట్రీ టికెట్లు మన ఖర్చే, ఆ సంగతి బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మ ధర అడిగి, రెండో గ్లాసు టీ కూడా తాగి, చేతులూపుకుంటూ లేచింది.