సింగ్‌నగర్ వరదల్లో మెడికల్ క్యాంపు: 5కి 3 స్టార్లు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు మునిగినప్పుడు మా వీధి చివర పెట్టిన మెడికల్ క్యాంపుకి ఈ రివ్యూ. బిర్యానీ సెంటర్లకే రాస్తున్నాం, దీనికి రాయకపోతే ఎలా.

మంచి ముందు చెప్తా. నీళ్లు మోకాళ్ల దాకా ఉండగానే టెంట్ వేశారు. జ్వరాలు, విరేచనాలు, నీళ్లలో నాని వేళ్ల సందుల్లో పుండ్లు పడ్డ కాళ్లు, వీటికి ఎంతమంది వచ్చినా మందు లేదనలేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు అడక్కుండానే చేతిలో పెట్టారు. అక్కడి నర్సమ్మకైతే దండం పెట్టాలి, బురద ఎత్తే కుర్రాళ్లని ఒక్కొక్కర్నీ ఆపి, పాదాలు తిప్పి చూసి, గీరుకున్న చోటల్లా కట్టు కట్టి పంపింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు చిన్న గాయానికి తగిలినా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు మరి.

ఇక రెండు స్టార్లు ఎక్కడ పోయాయంటే, అది నడిచి రాగలిగినవాళ్ల క్యాంపు. మా అత్తయ్యకి రోజూ ఇన్సులిన్ పడాలి. వాడే సీసా అడుగంటింది, కొత్తవి కింది వాటాలో ఫ్రిజ్‌తో సహా మునిగాయి. క్యాంపులో అడిగితే ఇన్సులిన్ లేదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండన్నారు. ఆటో రాదు, బోటు ఎక్కాలంటే ఆవిడ మోకాళ్లు వంగవు, ఎలా తీసుకెళ్లేది? డయాలసిస్ వాళ్లదైతే ఇంకా టెన్షన్, ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని గుండె మీదికి వస్తుంది. ఏ ఇంట్లో ఎవరికి షుగరో, ఎవరు నిండు గర్భిణో వార్డులో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎమ్) దగ్గర రాసే ఉంటుంది కదా, ఆ పుస్తకం పట్టుకుని ఒక బోటు తిరిగితే సరిపోయేది. మా మేడ మీదికి డ్రోన్‌లో అన్నం పొట్లాలు వచ్చాయి, మందులు మాత్రం రాలేదు.

ఇంకోటి, ఫైరింజన్లు బురద కడిగి వెళ్లగానే టెంట్ కూడా సర్దేశారు. అసలు దగ్గులు, ఆయాసాలు మొదలైంది చెమ్మ గోడలకి బూజు పట్టాకే.

బుడమేరు పక్కన ఉండేవాళ్లు వానలకి ముందే మందుల చీటీ ఫొటో తీసుకుని, పది రోజుల బిళ్లలు జిప్ కవర్లో వేసి పై అంతస్తులో పెట్టుకోండి. వాడుతున్న ఇన్సులిన్ సీసా ఎండ తగలకుండా, 30 డిగ్రీలు దాటని చోట ఉంటే మామూలుగా నాలుగు వారాలు ఆగుతుంది, కరెంటు పోయిందని ఐస్‌లో మాత్రం పెట్టకండి, గడ్డకడితే పారేయాల్సిందే.